గండిపేట చెరువూ, మా అమ్మాయి ప్రశ్నలూ

ఎండాకాలం సెలవుల్లో ఐదేళ్ళ పిల్లని ఇంట్లో పెట్టుకుని వర్క్ ఫ్రం హోం చెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. పొద్దున్న స్టాండప్ కాల్‌లో "నిన్న నేనేం చేశానంటే..." అని మొదలుపెట్టగానే వెనక నుంచి "నాన్నా, నాకేం తోచట్లేదూ" అని ఒక కేక. మాల్‌కి తీసుకెళ్తే జేబుకి చిల్లు. జూకి వెళ్తే ఆ ఎండకి పులులు కూడా నీడ వదిలి బయటికి రావు. అందుకని ఈ మేలో ఒక ఆదివారం ఐదింటికే లేచాం. మా ఆవిడ పులిహోర కలిపింది, మా అమ్మ పెరుగన్నం డబ్బాలో మాగాయ ముక్కలు పెట్టింది, అందరం కలిసి గండిపేట బయల్దేరాం.

నిజం చెప్పాలంటే పిక్నిక్ ఒక్కటే కాదు నా ఉద్దేశం. అటే ఇంకాస్త ముందుకెళ్ళి శంకర్‌పల్లి వైపు ఒక ప్లాటు చూసి రావాలని కూడా. ఆఫీసులో నా పక్క సీటాయన అక్కడ కొన్నాడు, రోజూ లంచ్‌లో అదే గోల. ఆ సంగతి తర్వాత చెప్తా.

దారిలో ముంజలు కొన్నాం. కట్ట మీదకి వెళ్ళేసరికి ఆరున్నర. చల్లటి గాలి, నీళ్ళ మీద కొంగలు. ఎండాకాలం కదా, నీళ్ళు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. మా అమ్మాయి ఒక్క పరుగున నీళ్ళ వైపు వెళ్ళబోయింది. దానికి నేను ముందురోజు రాత్రి మాటిచ్చాను, నీళ్ళల్లో ఆడుకుందువుగాని అని. ఎక్కడి నుంచి వచ్చాడో గానీ కాపలా పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. "పాపను నీళ్ళల్ల దింపకుండ్రి సార్, తాగే నీళ్ళివి."

అంతే, ఏడుపు. "తాగే నీళ్ళు బాటిల్లో కదా ఉంటాయి!" అని. దాని వాదన కూడా సబబే. బబుల్ టాప్ నీళ్ళు తప్ప అది పుట్టాక ఇంకేం చూసింది గనక. కాసేపయ్యాక ముంజ తింటూ ఏడుపు ఆపి అసలు ప్రశ్న వేసింది. "ఇన్ని నీళ్ళు ఎవరు పోశారు నాన్నా?"

ఎవరు పోశారంటే... చాలా పెద్ద కథ అది. దానికి సగమే చెప్పాను. మీకు మొత్తం చెప్తాను.

1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చింది. అఫ్జల్‌గంజ్ వంతెనతో సహా మూడు వంతెనలు పోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం దెబ్బలు తిని నిలబడింది. చనిపోయినవాళ్ళు దాదాపు పదిహేను వేలమంది అంటారు. ఇళ్ళు పోయినవాళ్ళు సుమారు ఎనభై వేలు. అప్పటి నిజాం ఆరో వాడు, మహబూబ్ అలీ ఖాన్. ఆయన నది ఒడ్డుకి వెళ్ళి గంగమ్మకి పట్టుచీరా పసుపు కుంకుమలూ సమర్పించాడని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా అమ్మ ఈ ముక్క వినగానే "మంచి పని చేశాడు" అంది.

మా అమ్మాయికి అన్నిటికన్నా నచ్చింది చింతచెట్టు కథ. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. ఆ రోజు దాదాపు నూట యాభై మంది ఆ చెట్టెక్కి కొమ్మలు పట్టుకుని బతికారు. నూట యాభై మంది ఒకే చెట్టు మీద! "పడిపోలేదా? ఆకలెయ్యలేదా? చింతకాయలు తిన్నారా?" అన్నీ అడిగింది.

దానికి చెప్పనిది ఒకటుంది. అమ్జద్ హైదరాబాదీ అని ఉర్దూ కవి, రుబాయీలకి చాలా పేరున్నాయన. ఆ వరదలో ఆయన తల్లీ, భార్యా, కూతురూ ముగ్గురూ కొట్టుకుపోయారు. ఆయనొక్కడే మిగిలాడు. తర్వాత 1961 దాకా, అంటే ఇంకో యాభై మూడేళ్ళు బతికాడు. ఎప్పుడో చదివిన విషయమే, అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. కట్ట మీద పక్కన మా అమ్మా, మా ఆవిడా కూర్చుని ఉండగా, ఎదురుగా ఇది ముంజ నీళ్ళు గౌను మీద కార్చుకుంటుంటే గుర్తొచ్చింది. ఎందుకో ఆ ముక్క నోటికి రాలేదు.

వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిచింది. అప్పటికే బొంబాయి సర్వీసు వదిలేసి విదేశాల్లో తిరుగుతున్నారాయన. 1909 ఏప్రిల్‌లో వచ్చారు, నవంబర్‌కల్లా మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. అంటే మన భాషలో ఏడు నెలల కన్సల్టెంట్ అన్నమాట. డిజైన్ డాక్యుమెంట్ ఇచ్చి వెళ్ళారు, ఇంప్లిమెంటేషన్‌కి పదేళ్ళ పైన పట్టింది. ఉస్మాన్ సాగర్ మూసీ మీద 1920కి, హిమాయత్ సాగర్ ఈసీ మీద 1927కి పూర్తయ్యాయి. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు ఒకదానికి, ఆయన పెద్దకొడుకు హిమాయత్ అలీ ఖాన్ (ఆజం జా అంటే ఎక్కువమందికి తెలుస్తుంది) పేరు రెండోదానికి. ఈ రెండు ఏర్లూ లంగర్‌హౌస్ దగ్గర కలిసి ఊళ్ళోకి వస్తాయి. కాబట్టి కలవకముందే రెంటికీ అడ్డం కట్టాలన్నది ఆలోచన. (మన దగ్గర విశ్వేశ్వరయ్య పేరు చెప్పినంతగా నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు చెప్పుకోం. నిజాం రాజ్యపు చీఫ్ ఇంజనీరు. తెలంగాణలో ఆయన పుట్టినరోజు జూలై 11న ఇంజనీర్స్ డే చేస్తున్నారు. మన ఆఫీసుల్లో మాత్రం ఇంకా సెప్టెంబర్ 15నే కేక్ కోస్తారు.)

విశ్వేశ్వరయ్య లెక్కల్లో నాకు ఆసక్తిగా అనిపించింది ఇది. ఊరికి ఎగువన మూసీ, ఈసీల పరీవాహకంలో ఆయన లెక్క ప్రకారం 788 చెరువులున్నాయి. సుమారు చదరపు మైలుకొకటి! ఆ వానకి వాటిలో 221 తెగాయి. పై చెరువు తెగితే ఆ నీళ్ళన్నీ కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది, రెండూ కలిసి మూడోదాని మీద... ప్రొడక్షన్‌లో ఒక సర్వర్ పడిపోతే దాని లోడంతా పక్కదాని మీద పడి అదీ పోవడం మనందరం అర్ధరాత్రి లేచి చూసినదే. మనకయితే రీస్టార్ట్ ఉంది.

దానికి మందుగా ఆయన చెప్పింది పెద్ద బఫర్. వరద వస్తే పట్టి ఉంచుకుని మెల్లగా వదిలే చెరువులు. ఇక్కడే ఒక చిక్కుంది. వరద ఆపాలంటే వానాకాలంలో చెరువు ఖాళీగా ఉండాలి. ఊరికి తాగునీళ్ళివ్వాలంటే అదే వానాకాలంలో నిండాలి. ఒకే చెరువుకి రెండు పనులు, రెండూ ఒకదానికొకటి ఎదురు. ఎంత నింపాలి, ఎప్పుడు గేట్లెత్తాలి అన్నది వందేళ్ళుగా ఎవరో ఒక ఇంజనీరు వానలో నిలబడి తేల్చుకోవాల్సిందే. ఉస్మాన్ సాగర్ 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్ 2.97. పెద్ద వాన ముందు అదేమంత ఎక్కువ కాదు.

అయినా ఊరు మాత్రం తాగునీటి సంగతే గుర్తుపెట్టుకుంది. గండిపేట నీళ్ళు తాగినోడు హైదరాబాద్ వదిలిపోడు అంటారు కదా. పంపులక్కర్లేకుండా వాలు మీదే కాలవలో ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్ దాకా వచ్చేవి ఆ నీళ్ళు. తర్వాత 1965లో మంజీర నీళ్ళు, 2004లో కృష్ణ, 2015లో గోదావరి వచ్చాయి. గండిపేట వాటా తగ్గుతూ పోయింది.

1996లో వచ్చిన జీవో 111 ప్రకారం ఈ రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల లోపు పెద్ద కట్టడాలూ, పరిశ్రమలూ కూడదు. మొత్తం 84 ఊళ్ళు. ఊరు ఇప్పుడు ఈ నీళ్ళ మీద ఆధారపడట్లేదు కదా అన్న కారణం చూపించి 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలించారు. తాగునీళ్ళ లెక్కలో చూస్తే ఆ మాటలో కొంత నిజముంది. ఆ ఊళ్ళ రైతుల బాధా నిజమే. పక్కన కోకాపేటలో కోట్లు పలుకుతుంటే వాళ్ళు ఇరవై అయిదేళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. కానీ రెండో పని మాటేమిటి? వరద ఆపాల్సిన పనికి కృష్ణ నీళ్ళు వచ్చి సాయం చెయ్యవు కదా. పైన పొలం ఉంటే వానలో కొంత నేలలోకి ఇంకుతుంది. సిమెంటు వేస్తే చుక్క ఇంకదు, అంతా ఒక్కసారి చెరువు మీద పడుతుంది. 2020 అక్టోబరులో హిమాయత్ సాగర్ గేట్లెత్తారు. అదే నెలలో పాతబస్తీ వైపు పల్లె చెరువూ, గుర్రం చెరువూ కట్టలు తెగి కాలనీలు మునిగాయి. 2025 సెప్టెంబరు ఆఖర్లో రెండు చెరువుల గేట్లూ ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండులోకి మూసీ వచ్చేసింది. 1908 వరద తారీఖుకి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ, అంతే. అన్నట్టు ఆ బస్టాండున్న చోటు పేరు ఇమ్లీబన్. అంటే చింతతోపు.

ఇదంతా మనసులో తిరుగుతుండగానే డబ్బాలు ఖాళీ అయ్యాయి, ఎండెక్కింది, ప్లాటు దగ్గరికి వెళ్ళాం. ఎర్రమట్టి రోడ్లు, రంగురంగుల జెండాలు, తెల్లటి సరిహద్దు రాళ్ళు. ఏజెంటు మంచి కుర్రాడే, మా అమ్మాయికి ఫ్రూటీ ఇచ్చాడు. "ట్రిపుల్ వన్ టెన్షనే లేదు సార్ ఇప్పుడు" అన్నాడు. ప్లాట్ల మధ్యలోంచి ఒక పల్లం కనిపించింది, సన్నగా తుమ్మ చెట్లతో, చెరువు వైపే పోతూ. అదేంటని అడిగితే "ఏం లేదు సార్, వానొస్తే కొంచెం నీళ్ళు పోతయి, ఫిల్లింగ్ చేస్తం" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను రేటు అడిగాను. సిగ్గులేకుండా అడిగాను, నిజం. మూడేళ్ళలో డబుల్ అవుతుందన్నాడు.

ఆ రాత్రి పదిన్నరకి మా అమ్మాయి లేచి మా గదిలోకి వచ్చింది. "నాన్నా, మన అపార్ట్‌మెంట్ దగ్గర చింతచెట్టు ఉందా?"

లేదు. మా గేటెడ్ కమ్యూనిటీలో ఉన్నవన్నీ రాయల్ పామ్‌లు. ఎక్కడానికి కొమ్మలుండవు. మనం నాలుగో అంతస్తులో ఉన్నాం అమ్మలూ, అంత పైకి నీళ్ళు రావు అన్నాను. "మరి వాచ్‌మన్ తాతో?" అంది. వాచ్‌మన్ కుటుంబం ఉండేది సెల్లార్‌లో. తాతని మనింటికి పిలుద్దాం అని పడుకోబెట్టాను. మా అమ్మ మర్నాడు పొద్దున్న నన్ను తిట్టింది, పిల్లకి అలాంటి కథలు చెప్తారా ఎవరైనా అని.

తరువాతి ఆదివారం అది ముంజలు అడగలేదు, చెట్టు చూస్తానంది. మెట్రోలో ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోలో ఉస్మానియా ఆస్పత్రికి వెళ్ళాం. రోగుల తాలూకు జనం నీడ కోసం చుట్టుపక్కల కూర్చుని ఉన్నారు, టిఫిన్ డబ్బాలతో. మా అమ్మాయి మొదలు చుట్టూ చేతులు చాపి కొలవబోయింది, అందలేదు. నేనూ రెండో వైపు నుంచి చేతులు చాపాను. అప్పటికీ అందలేదు. "అమ్మ కూడా రావాలి" అంది. ఇంతలో ఏజెంటు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ సాయంత్రం చేశాడు, అడ్వాన్స్ ఎప్పుడు కడతారు సార్ అని. ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం అన్నాను. ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.