రోములో చదువు, మంచిర్యాలలో సేవ

మన ఆదిలాబాద్ మేత్రాసనానికి పాతికేళ్లు నిండాయి. మన బడుల గురించి, విచారణల గురించి, తొలినాళ్ల కష్టాల గురించి ఈ సంచికలో తెలిసినవాళ్లు రాస్తారు. నేను రోములోని ఒక విశ్వవిద్యాలయం గురించి రాయదలచుకున్నాను. మంచిర్యాలకూ దానికీ ఏం సంబంధం అనవచ్చు. 2015లో మన రెండవ పీఠాధిపతిగా వచ్చిన మార్ ఆంటొనీ ప్రిన్స్ పనెంగాడన్ గారు బైబిలు దైవశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నది అక్కడే. అంతకంటే దగ్గరి సంబంధం మరొకటి ఉంది, చివర చెబుతాను.

ఆ విశ్వవిద్యాలయం పేరు ఉర్బానియానా. దాని కథ తెలియాలంటే 1622 దగ్గర మొదలుపెట్టాలి. అప్పటిదాకా దూరదేశాల్లో వేదబోధ పోర్చుగల్, స్పెయిన్ రాజుల చేతుల్లో ఉండేది. ఓడలు వాళ్లవి, ఖర్చు వాళ్లది, కాబట్టి పెత్తనమూ వాళ్లదే. ఆ పనిని శ్రీసభే చూసుకోవాలని పదిహేనవ గ్రెగరీ పోపుగారు ఆ ఏడాది ప్రొపగాండా ఫీదే అనే కార్యాలయాన్ని నెలకొల్పారు. ఐదేళ్లకు, 1627 ఆగస్టు 1న, ఎనిమిదవ ఉర్బాన్ పోపుగారు దానికి ఒక గురువిద్యాలయాన్ని జోడించారు. వీవెస్ అనే స్పెయిన్ దేశపు గురువు తన సొంత భవనాన్నే అందుకు రాసిచ్చాడు. అన్ని దేశాల యువకులను రప్పించి, చదివించి, గురుపట్టమిచ్చి, తిరిగి వాళ్ల జనం మధ్యకే పంపాలి. ఉద్దేశం అంతే. రాజులకు నచ్చని ఉద్దేశం కూడా అదే.

ఎందుకు నచ్చలేదో మతేయు దె కాస్త్రో జీవితం చూస్తే తెలుస్తుంది. గోవాలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. అక్కడ అతనికి గురుపట్టం దక్కలేదు. పట్టు వదలక రోము చేరి, ప్రొపగాండా ఫీదే అండతో చదువుకుని గురువయ్యాడు. 1637లో పీఠాధిపతిగా అభిషేకం పొంది బిజాపూర్ సుల్తాను రాజ్యానికి వచ్చాడు. తమ కింద ఉండవలసినవాడు తమతో సమానంగా కూర్చోవడం గోవాలోని పోర్చుగీసు దొరలకు మింగుడుపడలేదు. జీవితమంతా వాళ్లతో తగవులాడుతూనే గడిపాడు. ఆయన మాటకారితనం కూడా కొంత కారణమనుకోండి, నెమ్మది మనిషి కాదు. అయినా దారి పడింది. తరువాత మరో గోవా గురువు కుస్తోదియో దె పిన్హోకు బిజాపూరుతో పాటు గోల్కొండ బాధ్యత కూడా అప్పగించారు. గోల్కొండ అంటే మన తెలుగు నేలే కదా!

1659లో ప్రొపగాండా ఫీదే తూర్పు దేశాలకు వెళ్లే పీఠాధిపతులకు ఇచ్చిన సూచనలు ఇప్పుడు చదివినా ఆశ్చర్యమే. విశ్వాసానికీ నీతికీ అడ్డురానంత వరకు ప్రజల ఆచారాల జోలికి పోవద్దన్నారు. ఫ్రాన్సునో స్పెయిన్‌నో మూటగట్టి చైనాకు మోసుకుపోవడం తెలివితక్కువ పని అన్నారు. చెప్పినంతగా జరగలేదు. అయినా ఆ మాట ఆనాడే కాగితం మీదికి రావడం చిన్న విషయం కాదు.

ఆ గురువిద్యాలయంలో ఒక ముచ్చటైన ఆనవాయితీ ఉండేది. ముగ్గురు జ్ఞానుల పండుగ నాడు విద్యార్థులు ఒక్కొక్కరే లేచి తమ తమ భాషల్లో ప్రసంగించేవారు, పద్యాలు చదివేవారు. 1787 జనవరిలో జర్మన్ మహాకవి గోథే ఆ సభకు వెళ్లాడు. వినని భాషలు చెవిన పడేసరికి జనం పగలబడి నవ్వారని, సభ కాస్తా ప్రహసనమైపోయిందని రాసుకున్నాడు. నవ్వినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఆ కుర్రాళ్ల భాషల్లో పుస్తకాలు అచ్చువేసింది మాత్రం ఆ ప్రొపగాండా ఫీదే వాళ్లే. 1626లో మొదలైన వాళ్ల ముద్రణాలయంలోనే 1772లో సంక్షేపవేదార్థం వెలువడింది. పూర్తిగా మలయాళంలో అచ్చయిన తొలి పుస్తకం అదే. మన తెలుగు అచ్చు ముచ్చట అంతకుముందే, జర్మనీలోని హాలేలో, ప్రొటెస్టెంటుల చేతుల మీదుగా తీరింది.

గురువిద్యాలయపు తరువాతి చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1798లో ఫ్రెంచి సేనల కాలంలో మూతపడి 1817లో తెరుచుకుంది. ఇంగ్లండు పండితుడు న్యూమన్ ఇక్కడ చదువుకునే 1847లో గురువయ్యాడు. 1926లో సెయింట్ పీటర్స్ దగ్గరి జానికులం కొండ మీదికి మారింది. 1962 అక్టోబరు 1న ఇరవై మూడవ యోహాను పోపుగారు దానికి పొంతిఫికల్ విశ్వవిద్యాలయం హోదా ఇచ్చారు. నేడక్కడ దైవశాస్త్రం, తత్వశాస్త్రం, శ్రీసభ చట్టం, వేదబోధ శాస్త్రం చెబుతారు. ఆఫ్రికావారు, ఆసియావారు అందరూ ముందు ఇటాలియన్ నేర్చుకుని బల్లల ముందు కూర్చోవలసిందే.

అదే 1962 మార్చి 31న బల్లార్ష రైలుదారిలో మనకు పొరుగైన చాందా, కేరళ వెలుపల సీరో మలబార్ శ్రీసభకు దక్కిన తొలి వేదబోధ ప్రాంతమైంది. దాన్ని చావర గారు నెలకొల్పిన సీఎంఐ సభ గురువులకు అప్పగించారు. అప్పటి మన ఆదిలాబాద్ జిల్లా అందులో భాగంగా ఉండేది. బొగ్గుబావుల ఊళ్లకు, గోండు గూడేలకు వాళ్లు వచ్చారు. తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. పిల్లలు ఆ యాసకు నవ్వారు కూడా. 1999 జూన్ 23న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆదిలాబాద్‌ను విడి మేత్రాసనం చేశారు. మంచిర్యాల దాని కేంద్రమైంది. మార్ జోసఫ్ కున్నత్ గారు తొలి పీఠాధిపతి. పరిపాలన రీత్యా మనది తూర్పు శ్రీసభల విభాగం, ప్రొపగాండా ఫీదే కింద లేము. కానీ ఏ నేలకు ఆ నేల బిడ్డలే గురువులు కావాలన్న 1627 నాటి ఆ ఆలోచన మనకూ వర్తిస్తుంది. నేను ముందు అన్న దగ్గరి సంబంధం ఇదే.

మన తొలి ఇద్దరు పీఠాధిపతులూ కేరళలో పుట్టినవారు. వాళ్లు చేసిన సేవకు వంక పెట్టేవాడిని కాను. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన వాళ్ల రుణం పెద్దది. ఆ రుణం తీర్చుకునే బాధ్యత ఈ నేల బిడ్డలది. మందమర్రి, బెల్లంపల్లి, ఆసిఫాబాద్, ఉట్నూరు కుటుంబాల నుంచి గురువులు రావాలి. గోండి, కొలామి మాట్లాడే ఇళ్ల నుంచీ రావాలి. 2027లో ఉర్బానియానాకు నాలుగు వందల ఏళ్లు. మీ ఇంట్లో చదువుకునే కుర్రవాడు గురువిద్యాలయం మాట ఎత్తితే, దయచేసి అడ్డుపడకండి.