పాదరసమునకు మారుగా బంగారము



పూర్వము రసవాదులు పాదరసమును బంగారముగా మార్చవలెనని కొలుములయొద్ద జీవితములు గడిపిరి. ఆ విద్య వారికి పట్టుబడలేదు. కాని పాదరసము చేయు పనిని బంగారమునకు అప్పగించిన వృత్తాంతమొకటి మన కాలముననే జరిగినది. దానినే నేడు మనవి చేయుచున్నాను.

బోరుబావినుండి మడికి నీరు చేర్చు గొట్టములు పాలివినైల్ క్లోరైడ్ అను పదార్థముతో చేయబడుచున్నవి. దానికి మూలము వినైల్ క్లోరైడ్ అను వాయువు. 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాట్టే అను రసాయనజ్ఞుడు దానిని చేయుటకొక మార్గము చూపెను. సున్నమును బొగ్గును విద్యుత్తు కొలిమిలో కాల్చిన కార్బైడు వచ్చును; దానిపై నీరు పోసిన ఎసిటిలీన్ వాయువు పుట్టును. కార్బైడు దీపము నెరిగినవారికిది తెలిసినదే. ఈ వాయువును హైడ్రోజన్ క్లోరైడుతో కలిపి పాదరస లవణముపై పోనిచ్చిన వినైల్ క్లోరైడ్ ఏర్పడును. పాదరసము ఆ సరకులో చేరదు. పెండ్లి పేరయ్యవలె రెంటిని కలిపి తాను తొలగును. ఇట్టిదానికే ఉత్ప్రేరకమని పేరు.

ఈ పేరయ్యయందొక దోషము గలదు. వేడికి పాదరస లవణము ఆవిరియై కొంచెము కొంచెముగా జారిపోవును. పాదరసము జారినచో నేమగునో జపానులోని మినమాటా తీరము లోకమునకు తెలిపినది. అచ్చట చిస్సో కర్మాగారము ఎసిటిలీన్ నుండియే ఎసిటాల్డిహైడ్ అను మరియొక సరకు చేయుటకు పాదరసము వాడి, మురికినీటిని సముద్రమున విడిచెను. విషము చేపలలో చేరెను. వానిని తిన్నవారికి కాలుసేతులు వశము తప్పెను. చూపును మాటయు చెడెను. గర్భస్థ శిశువులకు సైతము ఆ విషము సోకెను. 1956లో వ్యాధి వెల్లడియైనను 1968 వరకు ఆ విధానము ఆగలేదు.

తరువాత పెక్కు దేశములు వినైల్ క్లోరైడునకు చమురునుండి వచ్చు ఎథిలీన్‌ను ఆశ్రయించినవి. చీనాలో నేలబొగ్గు విస్తారము గనుక అచ్చట పాతమార్గమే బలపడెను.

1985లో గ్రాహం హచింగ్స్ అను రసాయనజ్ఞుడు, పూర్వులు వేర్వేరు లోహలవణములతో చేసిన పరీక్షలను వరుసగా పేర్చి చూచెను. ఏ లోహపు అయానులు ఎలక్ట్రానులను ఆత్రముతో గ్రహించునో అవియే ఈ పనిలో మేటియని కనుగొని, అట్లయిన బంగారమే అగ్రగణ్యము కావలెనని ముందుగా చెప్పెను. పరీక్షింపగా అది నిజమయ్యెను. అంతవరకు బంగారమును ఏ పనికిని కదలని లోహముగా నెంచుచుండిరి.

అయినను మార్పు వెంటనే రాలేదు. బంగారము వెల యెక్కువ. అంతేగాక ఎసిటిలీన్ సోకగా దాని అయానులు సాధారణ లోహరేణువులుగా మారి పని మానుచుండెను. దానిని సిద్ధపరచుటకు రాజద్రావకమువంటి తీవ్రామ్లమును వలసియుండెను. గంధకము గల లవణముతో బంగారమును బంధించి బొగ్గుపై పలుచగా పరచు ఉపాయము దొరికిన పిమ్మట ఆ చిక్కులు చాలవరకు తీరెను. నూటికి పావువంతుకంటె తక్కువ బంగారము చాలెను. సుమారు ముప్పదియేండ్లకు జాన్సన్ మాథే అను ఆంగ్ల సంస్థ దానిని చీనా కర్మాగారములకు చేర్చెను.

2013లో మినమాటా పేరిట దేశములు చేసికొన్న ఒడంబడిక 2017లో అమలునకు వచ్చెను. వినైల్ క్లోరైడ్ తయారీలో టన్నునకు పట్టు పాదరసమును 2010 నాటి లెక్కలో సగమునకు 2020 నాటికి తగ్గింపవలెననియు, పాదరసము లేని ఉత్ప్రేరకము సాధ్యమును గిట్టుబాటును అగునని సభ్యదేశములు నిర్ణయించిన అయిదేండ్లకు దానిని పూర్తిగా మానవలెననియు అందు నియమము గలదు.

బంగారమువలన సర్వదోషములును పోవునని భ్రమింపరాదు. వినైల్ క్లోరైడ్ వాయువే క్యాన్సరు కలిగించును. అయినను ఒక విషము తొలగుట మేలే. పాదరసము చౌకయని లెక్కించినవారు మినమాటా బెస్తల బ్రతుకులను ఆ లెక్కలో చేర్చలేదు. సరకు వెల కట్టునపుడు దాని మైలను ఎవరు మోయుదురో అదియు నెంచుట పెద్దల ధర్మము. ఇక సెలవు.