పదునైదు నివేదికలు

టీకా వలని మేలును చాటుట యెంత యవసరమో, దాని వెంట కలిగిన కీడును దాచక వ్రాసి యుంచుటయు నంత యవసరము. ఇందుకు అమెరికాలోని రోటాషీల్డ్ చరిత్ర మనకు నిదర్శనము.

పసిబిడ్డలకు విరేచనములు కలిగించు రోటా వైరస్‌ను నివారించుటకై 1998 ఆగస్టులో ఆ టీకాకు అనుమతి లభించినది. ముందటి పరీక్షలలో టీకా పొందిన సుమారు 10,000 మంది శిశువులలో అయిదుగురికి, పేగు పేగులోనికి చొచ్చుకొనిపోవు వ్యాధి కనిపించినది. అంత చిన్న సంఖ్యనుబట్టి నిశ్చయింప వీలుకాలేదు.

టీకా పిదప కలిగిన అస్వస్థతను వైద్యులును, తల్లిదండ్రులును తెలియజేయుటకై అక్కడ 1990లో వేర్స్ అను నమోదు వ్యవస్థ యేర్పడినది. 1999 జూలై నాటికి ఈ వ్యాధిని గూర్చి 15 నివేదికలు అందులో చేరినవి. నివేదిక రుజువు కాదు. టీకా లేకున్నను కొందరు శిశువులకు ఆ వ్యాధి వచ్చుచునే యుండును. అయినను అధికారులు టీకాను నిలిపించి, వ్యాధిగ్రస్తులను ఆరోగ్యవంతులతో పోల్చి చూచిరి. అనుమానము బలపడగా అక్టోబరులో టీకా ఉపసంహరింపబడినది. ఇంచుమించు 10,000 మందిలో ఒకరికి ప్రమాదమని తుదకు లెక్క తేలినది.

ఆ నడుమ పేద దేశముల శిశువులకు రక్షణ ఆలస్యమైనది. తరువాతి రెండు టీకాల పరీక్షలలో, ఒక్కొక్కదానియందు 60,000 మందికి పైగా శిశువులు పాల్గొనిరి. ఫలితములు 2006లో వెలువడినవి. హైదరాబాదున తయారైన రోటావాక్ 2016లో మన జాతీయ కార్యక్రమమున చేరినది. టీకా పిదప బిడ్డకు అస్వస్థత తోచినచో ఆరోగ్య కార్యకర్తకు తెలుపుట మన వంతు.