ఇంగ్లండ్–పోర్చుగల్ మైత్రి: ఆరున్నర శతాబ్దాల ఒప్పందం, గోవాలో దాని హద్దు

నేటికీ అమలులో ఉన్న మైత్రీ ఒప్పందాలలో అత్యంత ప్రాచీనమైనదిగా ఇంగ్లండ్–పోర్చుగల్ కూటమికి పేరుంది. 1373 జూన్ 16న లండన్‌లో కుదిరిన ఈ బంధాన్ని 1386 నాటి విండ్సర్ ఒప్పందం స్థిరపరచింది. అంతకు ముందు ఏడాది అల్జుబరోటా యుద్ధంలో కాస్టీల్ సేనను ఓడించిన పోర్చుగీసుల పక్షాన ఇంగ్లిష్ విలుకాండ్రు సైతం పోరాడారు. 1580 నుంచి 1640 వరకు పోర్చుగల్ స్పెయిన్ రాజుల ఏలుబడిలో ఉన్నందున మైత్రికి విఘాతం కలిగింది.

ఈ చరిత్ర భారతదేశానికి పరాయిది కాదు. బ్రగాంజా రాకుమారి కేథరిన్‌కు రెండవ ఛార్లెస్‌తో కుదిరిన 1661 వివాహ ఒప్పందంలో బొంబాయి కట్నంగా వెళ్లింది. 1668లో ఛార్లెస్ దానిని ఏడాదికి 10 పౌండ్ల కౌలుకు ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కట్నాల చరిత్రలో ఇంతటి లాభసాటి బేరం అరుదు. ప్రతిగా, తూర్పు దేశాలలోని పోర్చుగీసు స్థావరాలను డచ్చివారి నుంచి కాపాడతామని రహస్య నిబంధనలో ఇంగ్లండ్ మాట ఇచ్చింది.

ఆ మాట ఎప్పుడు చెల్లుతుందో నిర్ణయించింది చాలావరకు బలమైన పక్షమే. 1807లో నెపోలియన్ సేనలు లిస్బన్‌ను సమీపించినప్పుడు బ్రెజిల్‌కు తరలిన రాజకుటుంబానికి బ్రిటిష్ నౌకాదళం రక్షణగా నిలిచింది. 1890లో అదే మిత్రదేశం అంగోలా, మొజాంబిక్‌ల నడుమ భూభాగాన్ని ఖాళీ చేయాలని పోర్చుగల్‌కు అల్టిమేటం ఇచ్చింది. ఆ అవమానంపై ఆగ్రహంతో పుట్టిన గీతమే తర్వాత పోర్చుగల్ జాతీయ గీతమయింది. 1943లో అజోర్స్ దీవులలో స్థావరాలు అవసరమైనప్పుడు చర్చిల్ 1373 ఒప్పందాన్నే ఉటంకించారు.

1961 డిసెంబరులో భారత సేనలు గోవాను చుట్టుముట్టినప్పుడు సలజార్ ప్రభుత్వం పాత ఒప్పందాన్ని గుర్తుచేసింది. కామన్వెల్త్ సభ్యదేశంపై బ్రిటన్ ఆయుధం ఎత్తలేదు. అలాగని మిత్రుణ్ణి పూర్తిగా వదిలివేయనూ లేదు: భారత్ వెనుదిరగాలని కోరుతూ భద్రతామండలిలో వచ్చిన తీర్మానానికి ఓటు వేసింది. సోవియట్ యూనియన్ వీటోతో అది వీగిపోయింది. డిసెంబరు 19న గోవాలో 451 ఏళ్ల పోర్చుగీసు పాలన ముగిసింది.

చేదు మిగిలినా ఒప్పందం రద్దు కాలేదు. 1982 ఫాక్లండ్స్ యుద్ధంలో అజోర్స్ స్థావరాన్ని వాడుకొనేందుకు బ్రిటన్‌కు పోర్చుగల్ అనుమతి ఇచ్చింది. 2023లో ఇరుదేశాలు 650వ వార్షికోత్సవం జరుపుకొన్నాయి.