జత్రుక శస్త్రచికిత్స ఉపద్రవాలు

జత్రుక ఛాతీ ఎముకను భుజఫలకంతో కలిపే వంపు తిరిగిన సన్నని ఎముక. వాడుకలో కాలర్ బోన్ అంటారు. ఇది విరిగినపుడు చాలామందికి చేతిని మెడకు వేలాడదీసే పట్టీతోనే నయమవుతుంది. ముక్కలు బాగా పక్కకు జరిగినపుడు, లేదా చర్మాన్ని పొడుచుకొని వచ్చినపుడు ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. 132 మందిపై జరిపి 2007లో ప్రచురించిన కెనడా అధ్యయనంలో ఎముక అతకనివారు ప్లేటు వేసినవారిలో ఇద్దరు, పట్టీ కట్టినవారిలో ఏడుగురు. అయితే గాయం చీము పట్టడం, ప్లేటు ఒరుసుకోవడం వంటివి శస్త్రచికిత్సతో వచ్చే ఉపద్రవాలు. వీటిలో చాలావాటికి చికిత్స, ఎముక అతికినదా లేదా అన్న దానిపై ఆధారపడుతుంది.

ఇన్ఫెక్షన్

చర్మానికే పరిమితమైన ఇన్ఫెక్షన్ యాంటీబయాటిక్ మందులతో తగ్గుతుంది. చీము లోతున ఉంటే గాయాన్ని తిరిగి తెరచి, చెడిన కణజాలాన్ని తొలగించి, శుభ్రంగా కడిగి, పలుచోట్ల నుండి నమూనాలు తీసి పరీక్షకు పంపుతారు. భుజం చర్మంపై నివసించే క్యూటిబాక్టీరియం ఆక్నెస్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అందువలన కల్చర్ పరీక్షను రెండు వారాల వరకు కొనసాగించాలి. రెండు మూడు రోజులకే సూక్ష్మజీవులు లేవని తేల్చడం సరికాదు.

చీము పట్టగానే ప్లేటు తీసివేయాలని రోగి బంధువులు కోరడం సహజం. కాని ఎముక అతకక ముందు, ప్లేటు బిగువుగా ఉన్నంతవరకు, దానిని ఉంచి మందులతో ఇన్ఫెక్షన్‌ను అదుపు చేసి, అతికిన తరువాత తీయడం సాధారణ పద్ధతి. ప్లేటు వదులైపోతే మాత్రం ఉంచి ప్రయోజనం లేదు.

ఎముక అతకకపోవడం, ప్లేటు విరగడం

ఎముక అతికేవరకు ప్లేటు ఊతగా ఉంటుంది. అతకనపుడు ఎంత గట్టి ప్లేటైనా పదేపదే ఒత్తిడికి గురై చివరకు వంగుతుంది లేదా విరుగుతుంది. 2013 జూన్‌లో నెదర్లాండ్స్‌లోని ఆసెన్‌లో జత్రుక విరిగిన స్పెయిన్ మోటార్‌సైకిల్ పందెగాడు హోర్హె లొరెంజో, ప్లేటు వేయించుకొని రెండు రోజులకే పందెంలో పాల్గొని ఐదవ స్థానం పొందాడు. జూలైలో జర్మనీలో మరల పడగా ఆ ప్లేటు వంగి, రెండవసారి శస్త్రచికిత్స అవసరమైంది.

ఆరు నెలలు గడచినా నొప్పి తగ్గక, ఎక్స్-రేలో అతుకు కనిపించకపోతే సీటీ స్కాన్ తీస్తారు. దాగి ఉన్న ఇన్ఫెక్షన్ లేదని నిర్ధారించుకొన్నాక, తుంటి ఎముక నుండి తీసిన ఎముకముక్కలు పెట్టి కొత్త ప్లేటు బిగిస్తారు. పొగత్రాగడం మానాలి, మధుమేహాన్ని అదుపులో ఉంచాలి.

ఇతర ఉపద్రవాలు

కోత క్రింద ఛాతీ పైభాగం తిమ్మిరిగా ఉండడం చాలా సాధారణం. జత్రుకపై సాగే చర్మ నాడులు తెగడం లేదా నలగడం దీనికి కారణం. ఇది క్రమంగా తగ్గుతుంది, కొందరిలో కొంత మిగులుతుంది. ముందుగా చెప్పకపోవడం వలన రోగులు అనవసరంగా భయపడతారు.

చర్మం పలుచగా ఉన్నవారికి ప్లేటు చేతికి తగులుతూ, సంచి పట్టీ క్రింద ఒరుసుకొంటుంది. ఎముక పూర్తిగా అతికాక, సాధారణంగా ఏడాది దాటిన తరువాత, దానిని తీయవచ్చు. స్క్రూల రంధ్రాలు పూడేవరకు ఎముక బలహీనంగా ఉంటుంది కనుక కొన్ని వారాలు బరువులు, ఆటలు మానాలి.

ప్లేటుకు బదులు సన్నని తీగలు వాడినపుడు అవి అరుదుగా స్థానం తప్పి ఛాతీలోకి పోతాయి. ఎక్స్-రేలో జరిగినట్లు కనిపించిన వెంటనే తీసివేయాలి. శస్త్రచికిత్స తరువాత ఊపిరి ఆడకపోవడం, చేయి ఉబ్బడం లేదా చల్లబడడం ఊపిరితిత్తికి గాని, జత్రుక క్రింది రక్తనాళాలకు గాని హాని జరిగిన సూచనలు కావచ్చు. అప్పుడు తదుపరి పరీక్ష తేదీ వరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.