బోల్టు ఊడలేదు: 'కూల్ రన్నింగ్స్' వెనక అసలు కథ

ఈ ఎపిసోడ్‌ని నా తప్పుతోనే మొదలుపెడతా.

కొన్ని నెలల క్రితం జమైకా బాబ్‌స్లెడ్ టీమ్ మీద ఒక నిమిషం షార్ట్ చేశా. "ఒలింపిక్స్‌లో వాళ్ల స్లెడ్ బోల్తా పడింది. అయినా నలుగురూ లేచి, దాన్ని భుజాల మీద మోసుకుంటూ ఫినిష్ లైన్ దాటారు" అని చెప్పా. వెనక మంచి మ్యూజిక్ కూడా వేశా. కింద ఒకరు కామెంట్ పెట్టారు: "బ్రో, అది సినిమాలో. నిజంగా అలా జరగలేదు." వెతికి చూస్తే ఆయన చెప్పిందే కరెక్ట్. నేను బీటెక్ రోజుల్లో హాస్టల్‌లో చూసిన సీన్‌ని చరిత్ర అనుకుని మీకు చెప్పేశాను. సో, ఇవాళ ఆ లెక్క సరిచేద్దాం.

ముందు బాబ్‌స్లెడ్ అంటే ఏంటో చూద్దాం. మంచు గడ్డకట్టించిన పాము మెలికల ట్రాక్, దాని మీద జారే లోహపు బండి. నలుగురు ఆటగాళ్లు దాన్ని సుమారు 50 మీటర్లు తోసుకుంటూ పరుగెత్తి, ఒకరి వెనక ఒకరు లోపలికి దూకుతారు. అక్కడి నుంచి ముందు కూర్చున్న డ్రైవర్ చేతుల్లోనే అంతా ఉంటుంది. స్పీడు గంటకు 100 కిలోమీటర్లు దాటిపోతుంది.

మరి మంచే పడని జమైకాకి దీనితో ఏం పని? జార్జ్ ఫిచ్, విలియం మలోనీ అనే ఇద్దరు అమెరికన్లకు జమైకాతో సంబంధాలున్నాయి. అక్కడ తోపుడు బండ్ల రేసులు జరుగుతాయి. కొండ దారిలో బండిని తోసి, ఎక్కి, కిందికి దూసుకుపోవడమే ఆట. అది చూసి "ఇది అచ్చం బాబ్‌స్లెడ్‌లా ఉందే" అనుకున్నారు. స్టార్టింగ్‌లో బండి తోయడానికి స్పీడుగా పరుగెత్తే కాళ్లు కావాలి. జమైకాలో వాటికి కొదవా?

ఇక్కడే సినిమా, చరిత్ర విడిపోతాయి. 'కూల్ రన్నింగ్స్'లో హీరో స్ప్రింటర్. ఒలింపిక్స్ సెలక్షన్ రేసులో పక్కవాడు తగిలి పడిపోతాడు, ఆ బాధతో బాబ్‌స్లెడ్‌కి వస్తాడు. అసలు కథలో స్ప్రింటర్లు పెద్దగా ఆసక్తి చూపలేదు. అందుకే నిర్వాహకులు జమైకా సైన్యం దగ్గరికి వెళ్లారు. డ్రైవర్‌గా మారిన డడ్లీ స్టోక్స్ సైన్యంలో హెలికాప్టర్ పైలట్. డెవన్ హారిస్ బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొందిన ఆఫీసర్. అంటే టైమ్‌కి లేచి, చెప్పింది చెప్పినట్టు చేసే మనుషులు. సినిమాలో కనిపించే అల్లరి బ్యాచ్ కాదు. జాన్ క్యాండీ వేసిన కోచ్ పాత్ర, ఒకప్పుడు మోసం చేసి పతకం పోగొట్టుకున్న ఆ ఫ్లాష్‌బ్యాక్, రెండూ కల్పితమే.

1988 ఫిబ్రవరి, కెనడాలోని కాల్గరీ. ముందు ఇద్దరి పోటీ జరిగింది. డడ్లీ స్టోక్స్, మైకేల్ వైట్ 30వ స్థానంలో నిలిచారు. 41 జట్లు పోటీపడ్డ చోట, కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. సినిమాలో మాత్రం ఈ పోటీ ఊసే ఉండదు.

తర్వాత నలుగురి పోటీ. టీమ్‌లో ఒకరికి గాయమైంది. డడ్లీ తమ్ముడు క్రిస్ స్టోక్స్ అన్న ఆట చూడ్డానికి వచ్చాడు. ఆయన రన్నర్. కొద్ది రోజుల ముందు వరకూ బాబ్‌స్లెడ్‌లో కూర్చోని మనిషిని టీమ్‌లోకి తీసుకున్నారు! ఇదేదో సినిమా సీన్‌లా ఉంది కదా? విచిత్రం ఏంటంటే, సినిమావాళ్లు దీన్ని వాడుకోలేదు.

మూడో రన్‌లో మలుపు దగ్గర స్లెడ్ అదుపు తప్పి, గోడ ఎక్కి, తిరగబడింది. తలలు మంచుకు రాసుకుంటూ చాలా దూరం జారారు. ఎవరికీ పెద్ద గాయాలు కాలేదు. బయటికొచ్చి స్లెడ్ పక్కన నడుచుకుంటూ వెళ్లారు. జనం చప్పట్లు కొట్టారు. అంతే. స్లెడ్ ఒక్కటే 200 కిలోలకు పైన ఉంటుంది, భుజాల మీద మోయలేదు. నాలుగో రన్ లేదు. రికార్డులో వాళ్లు పోటీ పూర్తి చేయనట్టే.

1993 అక్టోబర్ 1న డిస్నీ ఈ సినిమాని అమెరికాలో రిలీజ్ చేసింది. డైరెక్టర్ జాన్ టర్టెల్టాబ్. ప్రపంచవ్యాప్తంగా సుమారు 15 కోట్ల డాలర్లు వసూలు చేసింది. క్రాష్ సీన్‌లో అసలు టీవీ ఫుటేజ్‌ కూడా కలిపారు. కానీ కారణం మార్చేశారు. సినిమాలో స్లెడ్ పాతది, దాని బోల్టు వదులై ఊడిపోతుంది. అంటే కుర్రాళ్ల తప్పేం లేదు, అంతా ఇనుముదే.

ఎందుకలా చేశారో నాకు అర్థమవుతుంది. గంటన్నర నవ్వించి, చివర్లో హీరో చేతకాక ఓడిపోయాడంటే థియేటర్ చల్లబడిపోతుంది. తోటి టీములని విలన్లుగా చూపించడం కూడా అందుకే. నవ్వించడం తప్పని నేను అనట్లేదు. ఆ సినిమా లేకపోతే నాకు జమైకా టీమ్ పేరే తెలిసేది కాదు.

కానీ నాకు ఆ బోల్టు దగ్గరే గుచ్చుకుంది. జాబ్‌లో చేరిన కొత్తలో నా కోడ్ వల్ల ఒక రాత్రి సిస్టమ్ మొత్తం ఆగిపోయింది. మీటింగ్‌లో "సర్వర్ ఇష్యూ అనుకుంటా" అన్నా. అందరూ నమ్మారు, నేను బయటపడ్డా. రెండు నెలలకి అదే తప్పు మళ్లీ చేశా. బోల్టు మీదికి నెట్టేస్తే మనం నేర్చుకోవడానికి ఇంకేం మిగలదు.

డడ్లీ స్టోక్స్‌కి సాకుగా చెప్పుకోవడానికి బోల్టు లేదు. స్లెడ్ నడిపింది ఆయనే, అనుభవం చాలలేదు, ప్రపంచమంతా టీవీలో చూసింది. అయినా ఆయన మళ్లీ డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. 1992లో ఆల్బర్ట్‌విల్‌లో జమైకా నలుగురి టీమ్‌కి 25వ స్థానం. 1994 ఫిబ్రవరిలో నార్వేలోని లిల్లెహామర్‌లో 14వ స్థానం. అమెరికా కూడా జమైకా కంటే వెనకే ఉంది. స్లెడ్ నడిపింది డడ్లీనే, కాల్గరీలో చివరి నిమిషంలో ఎక్కిన తమ్ముడు క్రిస్ కూడా అందులో ఉన్నాడు.

డేట్లు ఒకసారి చూడండి. సినిమా వచ్చింది అక్టోబర్‌లో. అసలు క్లైమాక్స్ జరిగింది నాలుగు నెలల తర్వాత. అప్పటికే జనం థియేటర్లో స్లెడ్ మోయడం చూసి, కళ్లు తుడుచుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. నాలాంటివాళ్లు ఇప్పటికీ ఆ సీన్ దగ్గరే ఆగిపోయాం.

నా పాత షార్ట్ డిలీట్ చేయట్లేదు. దాని కింద మొదటి కామెంట్‌లో "ఇది తప్పు, తప్పు నాదే" అని రాసి, ఈ ఎపిసోడ్ లింక్ పెట్టా. సినిమా చూడనివాళ్లు తప్పకుండా చూడండి, హాయిగా నవ్వుకోండి. బోల్టు ఊడే సీన్ వచ్చినప్పుడు మాత్రం డడ్లీని ఒకసారి గుర్తుచేసుకోండి.

మళ్లీ కలుద్దాం.