హెరాల్డుకి మంచినీళ్ళు

తలుపు ఊరికే లాగితే పడదు. కాస్త పైకెత్తి లాగండి. ఆఁ, ఇప్పుడు పడింది. ఇరవై ఏళ్ళు దాటిన కీళ్ళు మరి.

సీటు మీద తువ్వాలు పరుచుకుని కూర్చోండి. ఎండెక్కాక రెగ్జిను ఒంటికి అంటుకుపోతుంది. ఇప్పుడు పొద్దున అయిదున్నర. 1987 మే నెల. అనంతపురం కోర్టు రోడ్డులో వేపచెట్టు కింద ఉన్నాం. వీధి కుళాయి దగ్గర బిందెలు అప్పుడే వరస కట్టాయి. బిందెల పక్కన మనుషులు లేరు. నీళ్ళొచ్చే వేళకి వాళ్ళే వస్తారు. అప్పటిదాకా ఎవరి బిందె వాళ్ళ వంతు కాస్తుంది.

చోక్ లాగి తాళం తిప్పుతున్నాను. రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది. మా నాయన వెనక సీట్లో ఎప్పుడో సర్దుకున్నాడు. ఒళ్ళో కేసు కాగితాల సంచి, కాళ్ళ దగ్గర ఇత్తడి చెంబు, దాని పక్కన అయిదు లీటర్ల నూనె డబ్బా. డబ్బాలో నూనె లేదు, నీళ్ళున్నాయి. మా ఇంట్లో కారు బయల్దేరే ముందు పెట్రోలు చూసేది నేను, నీళ్ళు చూసేది నాయన.

ఇది స్టాండర్డ్ హెరాల్డ్. 1964 నాటిది. రెండే తలుపులు. నంబరు ప్లేటు మీద మద్రాసు రాష్ట్రపు అక్షరాలు, ఎం.ఎస్. అని మొదలవుతాయి. నాయన ప్లీడరు. మద్రాసులో ఒక పెద్ద ప్లీడరు దగ్గర వాడిన బండిగా కొని తెచ్చుకున్నాడు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారు ఇది. ఇటలీ వాడైన మికెలోట్టి దీని రూపం గీశాడు. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ వాళ్ళు దీన్ని మన దేశం కోసం తయారు చేశారు. ఇంజను 948 సీసీ.

అప్పట్లో కారు కొనాలంటే మన దేశంలో ముచ్చటగా మూడే దారులు. కలకత్తా పక్క ఉత్తరపారా నుంచి అంబాసిడరు, బొంబాయి నుంచి ఫియట్టు, మద్రాసు నుంచి ఇది. అనంతపురంలో ఆఫీసర్లది అంబాసిడరు, డాక్టర్లది ఫియట్టు, కాంట్రాక్టర్లది జీపు. హెరాల్డు మాత్రం మా వీధి మొగలోకి వస్తే పిల్లలు ఆటాపి చూసేవాళ్ళు.

ఎందుకు చూసేవాళ్ళో పాతూరు సందుల్లోకి తిప్పగానే మీకే తెలుస్తుంది. ఎదురుగా శెనక్కాయ మూటల ఎద్దుల బండి అడ్డం నిలబడింది. ముందుకి పోలేం. అంబాసిడరయితే రివర్సులో వీధి మొగదాకా వెళ్ళాలి. నేను స్టీరింగు పూర్తిగా తిప్పుతున్నాను, చూడండి. ముందు చక్రాలు దాదాపు అడ్డం తిరిగిపోయాయి. పాతిక అడుగుల జాగా ఉంటే చాలు, ఈ కారు గిర్రున చుట్టు తిరిగేస్తుంది. బండివాడు పగ్గం పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. నాయన ఏమీ అనడు గానీ, అద్దంలో ఆయన మీసం కింద నవ్వు కనిపిస్తుంది.

ఊరు దాటాం. కళ్యాణదుర్గం రోడ్డు. ఇటూ అటూ ఎర్రనేల దున్ని పెట్టి ఉంది. వాన పడితే శెనక్కాయ విత్తుతారు. పడకపోతే దున్నిన చాళ్ళు అలాగే ఉంటాయి. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇక్కడికొచ్చేసరికి అలిసిపోతాయి. రెండింటికీ దూరమైన ఈ పీఠభూమికి ఏడాదంతా కలిపి దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా లెక్కలో. ఈ రెండు మూడేళ్ళుగా ఆ లెక్క కూడా తప్పుతోంది.

ఆత్మకూరు దాటాం. పెన్న వచ్చింది. నది అనుకుని కిందికి చూడకండి. ఇసుక, ఇసుకలో తుమ్మ మొక్కలు, చెలమ తవ్వుతున్న ఇద్దరు ఆడవాళ్ళు. కిటికీలోంచి వచ్చే గాలి ఇంకా చల్లగానే ఉంది. ఇంజను హాయిగా పాడుతోంది. ఈ వేళలో ఈ కారంత మంచిది ఇంకోటి లేదు.

కళ్యాణదుర్గంలో పెదనాయన కూతురి పెళ్ళి మాటలు. ఉగ్గాని, బజ్జీ తిన్నాం. మాటలు తొందరగానే తేలాయి. నాయన నియమం ఒకటుంది: ఎండాకాలం పొద్దెక్కక ముందే పోవాలి, పొద్దు గూకినాకే రావాలి. ఈ రోజు మాత్రం సాయంత్రం నాలుగింటికి కక్షిదారు వస్తానన్నాడు. అందుకని మిట్టమధ్యాహ్నం బయల్దేరాం.

చెయ్యి కిటికీ రేకు మీద పెట్టకండి, కాలుతుంది. రోడ్డు మీద దూరంగా నీళ్ళు మెరుస్తున్నట్టుంది కదా, దగ్గరికి పోతే ఉండవు. గాలి ఎదురు కొడుతోంది, ఆ గాలి కూడా వేడే. సగం దారిలో మీ ముక్కుకి ముందు తెలుస్తుంది: ఉడికిన రబ్బరు వాసన. తర్వాత బానెట్టు సందుల్లోంచి తెల్లగా ఆవిరి.

"ఆపురా," అన్నాడు నాయన.

చింతచెట్టు కింద ఆపాను. కారుని తిట్టకండి, తప్పు దానిది కాదు. పైపు రబ్బరు ఈ ఎండకి ఎండీ ఎండీ పెళుసెక్కి పగిలింది.

దిగండి, ఇప్పుడో తమాషా చూపిస్తాను. ఇటొక కొక్కెం, అటొక కొక్కెం. రెండూ విప్పి బానెట్టుని పైకెత్తుతున్నాను. మూత ఒక్కటే లేవదు. మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా కారు ముందు సగమంతా లేచి ముందుకి వాలిపోతుంది. ఇంజను, చక్రాలు, స్టీరింగు కడ్డీలు అన్నీ బయట. ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఎక్కణ్ణుంచి వచ్చారో పది మంది పిల్లలు చుట్టూ చేరారు.

రేడియేటరు మూత ముట్టుకోకండి. ముందు చల్లారాలి. ఈలోగా పగిలిన చోట పాత సైకిలు ట్యూబు పట్టీ చుట్టి, దారంతో బిగిస్తున్నాను. డిక్కీలో ట్యూబు పట్టీలు ఎప్పుడూ ఉంటాయి. మన డబ్బాలో నీళ్ళు పోస్తే సగానికే వచ్చాయి.

ఊళ్ళో బోరింగు దగ్గరికి పోదాం రండి. పిల్లవాడొకడు చెయ్యి కొడుతున్నాడు. కీచుమని చప్పుడు, అంతే. "గాలి వస్తాంది సార్," అన్నాడు. పక్కింటి అరుగు మీద ఒక అవ్వ కూర్చుని శెనక్కాయలు వొలుస్తోంది. మనల్ని, దూరంగా నోరు తెరుచుకుని ఉన్న కారుని మార్చి మార్చి చూసింది.

"ఏం నాయనా, నీ ఎద్దుకి దప్పికైనట్టుందే?"

"అవునవ్వా. ఒక బిందెడు నీళ్ళు..."

నాయన నా వెనకే వచ్చాడు. "అవ్వా, బోరు నీళ్ళు కాకుండా బావి నీళ్ళు ఏమన్నా ఉంటే చూడు. బోరు నీళ్ళకి లోపల ఉప్పు కడుతుంది." ఆయన చెప్పింది నిజమే. ఈ నేల అడుగున నీళ్ళు కరుకు. రేడియేటరు సన్నని గొట్టాల్లో సున్నంలా పేరుకుంటాయి, చల్లబరిచే శక్తి చచ్చిపోతుంది. మా మేస్త్రీ ప్రతిసారీ అదే చెప్పి పంపుతాడు.

అవ్వ నవ్వింది. "మేం తాగేదే ఆ నీళ్ళప్పా."

నాయన ఇంకేం మాట్లాడలేదు. అవ్వ లోపలికి వెళ్ళి కడవ తెచ్చింది. రాత్రి ఎప్పుడో వంతు కాచి పట్టుకున్న నీళ్ళు. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి రేడియేటరు నోటి మీద పట్టుకోండి, నేను పోస్తాను. ఒక్క చుక్క కిందికి పోనివ్వకండి. పిల్లలంతా మాట్లాడకుండా ఆ ధార వంకే చూస్తున్నారు.

నాయన జేబులో చెయ్యి పెడితే అవ్వ ఒప్పుకోలేదు. "నీళ్ళకి దుడ్లు తీసుకుంటారా యాడన్నా? మా మనవడికి జరం తగ్గల్యా, పెద్దాసుపత్రికి ఎక్కించుకోని పో." ముందు సీటు మడిచి, పిల్లాణ్ణి, వాళ్ళమ్మని వెనక నాయన పక్కన కూర్చోబెట్టాం. ఇంజను మళ్ళీ అందుకుంది. నాలుగింటికి రావలసిన కక్షిదారు అయిదున్నర దాకా మా అరుగు మీద కూర్చున్నాడు.

రండి, ఇక ఆ మేస్త్రీ దగ్గరికి పోదాం. గుత్తి రోడ్డు వైపు, రేకుల షెడ్డు. ఆయన్ని ఊరంతా భాయ్ అంటుంది. నేల మీద చమురు పడి పడి మట్టి నల్లగా, మెత్తగా ఉంటుంది. భాయ్ ముందు కారు తలుపు కింది అంచుని వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. ఠంగుమంది. "చూసినారా సార్? మద్రాసులో ఉంటే ఈ పాటికి ఈ రేకు చేతిలోకి పొడిగా వచ్చేసేది. సముద్రం గాలి ఇనుమును తినేస్తుంది. మన కరువుకి ఇనుమంటే ఇష్టం లేదు. దానికి రబ్బరు కావాల."

నలభై ఏళ్ళుగా ఈ మాటకి నేను ఇంకొకటి చేర్చలేకపోయాను. తేమ లేని గాలిలో తుప్పు పట్టదు. అదే గాలి అద్దాల చుట్టూ ఉండే బీడింగుని, బ్రేకు కప్పుల్ని, పైపుల్ని, టైరు పక్కల్ని నెర్రెలు వారుస్తుంది. ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టరులోకి దూరితే ఇంజను బోరు అరిగిపోతుంది. అందుకే అనంతపురంలో పాత కారు పైకి పెళ్ళికొడుకే. లోపల ఎప్పుడూ రిపేరే.

భాయ్‌కి ఈ కారు అంతా తెలుసు. ముందు చక్రం దగ్గర స్టీరింగు తిరిగే చోట ఒక ఇత్తడి మర ఉంటుంది. అన్ని కార్లకి కొట్టినట్టు దానికి గ్రీజు కొడితే చెడుతుంది. గేరు బాక్సులో పోసే 90 నంబరు చిక్కటి నూనె ఎక్కించాలి. మిగతా షెడ్లలో ఆ సంగతి తెలీక చాలా హెరాల్డుల ముందు చక్రాలు పడిపోయాయి. ఆ మర అరిగితే కొత్తది దొరకదు. మద్రాసు పుదుపేట పాతసామాన్ల బజారులో వెతికించాలి. అక్కడా దొరక్కపోతే పక్కనున్న లేతు షాపులో ఇత్తడి కడ్డీ తిప్పించి చేయించాలి. లేతు ముందు నిలబడండి: ఇత్తడి పొట్టు బంగారు రంగు చుట్టలుగా కాళ్ళ మీద పడుతుంది, కాస్త వేడిగా.

సామాను ఎందుకు దొరకదంటే, మద్రాసు కంపెనీయే ఈ కారుని వదిలేసింది. 1968లో నాలుగు తలుపుల హెరాల్డు తెచ్చారు. 1972లో గజెల్ అని ఇంకో రూపం తెచ్చారు. 1977లో అదీ ఆగిపోయింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక జనం చూపే మారిపోయింది. స్టాండర్డ్ వాళ్ళు 1985లో పెద్ద కారు ఒకటి తెచ్చినా నిలబడలేక, 1988కల్లా దాన్నీ ఆపేశారు.

అరుదైన కారంటే మనకి నిజాం రోల్స్ రాయిసే గుర్తొస్తుంది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, పసుపు రంగుది, 1912 నాటిది. అది తన జన్మలో నిండా నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదంటారు. అది నడవకుండా మిగిలిన కారు. మాది నడిచి మిగిలింది. మిగిలిందంటే మా గొప్ప కాదు. మద్రాసులో తయారైన కారుకి అనంతపురంలో ప్రాణం పోసింది భాయ్ చేతులు, లేతు మేస్త్రీ కళ్ళు, పేరడగని ఊళ్ళో అవ్వ కడవ.

నాయన పోయాక, 1990ల్లో బెంగుళూరు ఆయన ఒకరు వచ్చి రేకు మీద వేలితో కొట్టి చూసి, బేరమాడకుండా తీసుకెళ్ళారు. ఆ కారు ఇప్పటికీ నడుస్తోంది. మా ఊళ్ళో మిగతా పాత కార్లకి ఆ అదృష్టం పట్టలేదు. కేజీల లెక్కన తూకానికి పోయాయి.

ఇప్పుడు ఆనాటి మా జిల్లా నేల మీదే కార్లు పుడుతున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు చేస్తోంది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసేలా కట్టారు. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ నేల శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. ఫ్యాక్టరీ కట్టాలంటే ముందు నీళ్ళు చూపించాల్సి వచ్చింది: శ్రీశైలం వెనక నుంచి హంద్రీ-నీవా మీదుగా ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరుకి చేరాకే అది సాధ్యమైంది. ఈ నేల మీద కారు మాట ఎవరెత్తినా మొదట వచ్చేది నీళ్ళ లెక్కే.

మీ ఊళ్ళో, గడ్డివామి పక్కనో పాత మిల్లు షెడ్డులోనో దుమ్ము కప్పుకున్న పాత కారు ఉంటే తూకానికి వేయకండి. మన పొడి గాలి దాని రేకుని కాపాడే ఉంటుంది. చెడిపోయిన రబ్బరు మార్చుకోవచ్చు. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండిని వింటేజి వాహనంగా నమోదు చేసుకునే వీలు 2021 జులైలో కేంద్రం కల్పించింది. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకి ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది. తర్వాత మళ్ళీ చేయించడానికి అయిదు వేలు. రోజువారీ తిరుగుడుకి పనికిరాదు గానీ, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళవచ్చు. ముందుగా ఇంట్లో పాత ట్రంకుపెట్టెలు తెరిచి ఆర్‌సీ కాగితం వెతకండి. ఆ తర్వాత మీ ఊరి ముసలి మేస్త్రీని పిలిచి బానెట్టు ఎత్తించండి. ఆయన ఉన్నప్పుడే ఆ పని చేయించండి.